తుపానుకు ముందే ఊరి మంచినీళ్ల పథకాన్ని కాపాడుకోవడం: పంచాయతీ ప్రణాళిక ఎలా రాసుకోవాలి

ప్రశ్న క్లుప్తంగా: కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున 3,200 జనాభా ఉన్న పంచాయతీ. కాలువ నీళ్లతో నిండే ఎకరం సమ్మర్ స్టోరేజీ ట్యాంకు (మంచినీళ్ల చెరువు), ఇసుక ఫిల్టర్లు, సంపు, 10 హెచ్‌పీ పంపు, 60 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, రెండు చేతిపంపులు ఉన్నాయి. తుపాను వచ్చిన ప్రతిసారీ మూడు నాలుగు రోజులు కుళాయి రాదు. విపత్తు ప్రణాళిక పంపమని జిల్లా నుంచి కాగితం వచ్చింది. నీటి కమిటీ సభ్యుడిగా ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

ముందు ఒక్క విషయం. మీ ఊళ్లో తుపానుకు నీళ్లు పోవడం లేదు, నీళ్లు వచ్చే దారి తెగుతోంది. చెరువు నిండుగానే ఉంటుంది. కరెంటు ఉండదు, లేదా పైపు విరుగుతుంది, లేదా వచ్చిన నీళ్లు తాగేలా ఉండవు. కాబట్టి తుపాను, వరద, కరువు అంటూ ఒక్కో విపత్తుకు ఒక్కో అధ్యాయం రాయడం మొదలుపెట్టకండి. చెరువు తూము దగ్గర మొదలుపెట్టి చివరి కుళాయి దాకా నడవండి. ఫిట్టరును, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈని, సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటును, ఊళ్లో 1996 నవంబరు తుపాను చూసిన ఒక పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. ప్రతి చోటా ఆగి మూడే ప్రశ్నలు వేయండి: ఇక్కడిదాకా నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయి? ఇది ఆగితే ఎన్ని ఇళ్లకు నీళ్లు ఆగుతాయి? దీన్ని నడిపే పని తెలిసినవాళ్లు ఎంతమంది? మూడో ప్రశ్నకు చాలా ఊళ్లలో జవాబు ఒక్కరే. ఏ వాల్వు ఎటు తిప్పాలో, పైపు ఏ ఇంటి గోడ కింద నుంచి వెళ్తుందో ఫిట్టరు తలలోనే ఉంటుంది. ఆయనకు జ్వరం వస్తే పథకం మొత్తం ఆగినట్టే. ఆయన చెప్పినదంతా గ్రామ పటం మీద గీయించడం ప్రణాళికలో తొలి పని, ఖర్చులేని పని కూడా.

గుర్తించిన ప్రతి లోపానికీ ఎంత తరచు, ఎంత నష్టం అని 1 నుంచి 3 దాకా మార్కులు వేసి, ఆ రెండింటినీ గుణించండి. అంతకు మించి మార్కుల పట్టికల మీద పొద్దుపుచ్చకండి. మీ ఊరికి మొదటి నాలుగు లోపాలు ఏవో ఆ నడకలోనే తేలిపోతాయి. నా అంచనా ఇది: కరెంటు, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఊరికి నీళ్లు వదిలే అవుట్‌లెట్ వాల్వు, క్లోరిన్, చెరువులోకి ఉప్పునీరు.

కరెంటు సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదకు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర వచ్చినప్పుడు స్తంభాలు వరుసగా పడిపోయాయి. పంపులు బాగానే ఉన్నా తిరగడానికి కరెంటు లేదు. తుపాను గాలిలో, వరదలో ప్రాణాపాయం లేకుండా లైను ముందే ఆపడం కూడా మామూలే. అందుకని మూడు నాలుగు రోజులు కరెంటు ఉండదనే లెక్కతోనే ప్రణాళిక రాయండి.

లెక్క చూస్తే భయపడేదేమీ లేదు. 10 హెచ్‌పీ అంటే 7.5 కిలోవాట్లు. ట్యాంకు ఎత్తు, పైపు రాపిడి కలిపి పాతిక మీటర్లనుకుంటే మీ 60 వేల లీటర్ల ట్యాంకు గంటన్నరకు అటుఇటుగా నిండుతుంది. ఆ లోడుకు డీజిల్ గంటకు సుమారు మూడు లీటర్లు. అంటే ట్యాంకు ఒకసారి నింపడానికి ఐదు లీటర్ల డీజిల్ చాలు. 60 వేల లీటర్లను 3,200 మందికి పంచితే తలకు 18 లీటర్లకు పైనే. విపత్తు సమయానికి ప్రపంచమంతా వాడే కనీస కొలత తలకు రోజుకు 15 లీటర్లు. ట్యాంకు రోజుకోసారి నింపితే ఒక వారానికి డీజిల్ 35 లీటర్లు, చేతిలో 50 లీటర్లు ఉంచుకుంటే ఊరు గట్టెక్కుతుంది. మామూలు రోజుల్లో జల్ జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు. తుపాను రోజుల్లో దానికోసం పాకులాడకండి.

జనరేటరు ఎంతది? స్టార్టరును బట్టి ఉంటుంది. డీఓఎల్ స్టార్టరైతే (మోటారుకు ఒకేసారి పూర్తి ఓల్టేజీ ఇచ్చేది) మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఆరు రెట్లు దాకా లాగుతుంది. దానికి 30 కేవీఏ కావాలి. మొదట తక్కువ ఓల్టేజీతో తిప్పే స్టార్-డెల్టా స్టార్టరు పెడితే 20–25 కేవీఏ సరిపోతుంది. చిన్న జనరేటరు తెచ్చి డీఓఎల్‌తో స్టార్టు చేస్తే ఓల్టేజీ కుంగి స్టార్టరులోని కాంటాక్టరు టకటకా కొట్టుకుని మాడిపోతుంది. 'జనరేటరు పెట్టాం కానీ పనిచేయలేదు' అన్న చోట్ల చాలావాటికి కారణం ఇదే.

కొనాలనేమీ లేదు. మీ చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న రైతుల దగ్గర, షామియానా సప్లయర్స్ దగ్గర జనరేటర్లుంటాయి. కాకపోతే తుపాను రోజున రొయ్యల రైతుకు కూడా ఏరేటర్లు ఆగితే పంట పోతుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. మధ్యాహ్నం రెండు గంటలు అడిగితే ఇవ్వగలరు, మబ్బు దట్టంగా ఉన్న రోజుల్లో అదీ కష్టం. అందుకని ఇద్దరితో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. అద్దె ఎంత, డీజిల్ ఎవరిది, ట్రాక్టరు మీద ఎవరు తెస్తారు, దారిలో చెట్టు పడితే ఏ దారిన రావాలి అన్నీ అందులో రాయించండి.

పంపు హౌసులో ఇప్పుడే చేయించాల్సినవి రెండు. ఒకటి, నాలుగు పోల్ చేంజోవర్ స్విచ్చి, అంటే పంపును ఒకసారికి లైనుకో జనరేటరుకో ఒక్కదానికే కలిపేది. అది లేకుండా జనరేటరు తీగలు నేరుగా తగిలిస్తే కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది. దీనికి మినహాయింపు లేదు. రెండు, జనరేటరు తీగలు తగిలించే టెర్మినళ్లకు ఎరుపు, పసుపు, నీలం రంగులు వేసి, పంపు మీద తిరిగే దిశకు బాణం గీయించండి. ఫేజులు తారుమారైతే మోటారు తలకిందులుగా తిరుగుతుంది. చప్పుడు మామూలుగానే ఉంటుంది, నీళ్లు సగం కూడా రావు. పంపు పాడైందనుకుని విప్పేస్తారు. ఏవైనా రెండు ఫేజులు మార్చితే సరిపోయేదానికి ఒక రోజు పోతుంది.

స్టార్టరు ప్యానల్ ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. ఊళ్లో తెలిసిన అత్యధిక వరద గుర్తు మీద కనీసం రెండడుగులు పైన ఉండాలి. గోదావరి 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. మీ ఊళ్లో ఆ రెండు వరదల గుర్తులూ గుడి మెట్లమీదో బడి గోడమీదో ఉండే ఉంటాయి. వాటిని పంపు హౌసు గోడ మీదకు తెచ్చి ఎర్ర రంగుతో గీత వేయండి. లెవెల్ పట్టడానికి నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం చాలు. మోనోబ్లాక్ మోటారు (పంపుతో కలిసి ఒకే ముక్కగా ఉండేది) మునిగితే ఆరీ ఆరకుండా స్విచ్చి వేయకండి. ముందు మంచినీళ్లతో ఉప్పు, బురద కడగాలి. తర్వాత విప్పి ఆరబెట్టి, మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూసి, కనీసం ఒక మెగా ఓమ్ చూపించాకే కరెంటు ఇవ్వాలి. బేరింగులు ఎలాగూ మార్చాల్సిందే. పంపు హౌసుకు రేకుల కప్పు ఉంటే శ్లాబు వేయించే ప్రతిపాదన ప్రణాళికలో పెట్టండి. గాలి లెక్కల భారత ప్రమాణం ప్రకారం మన తీరానికి తీసుకోవాల్సిన వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. దాని ముందు హుక్కుతో బిగించిన రేకు నిలవదు. లేచిన రేకు పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు మీదే పడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి పంపు హౌసుకు వచ్చే తీగ మీదికి వంగిన కొబ్బరిచెట్లు కూడా లెక్కపెట్టండి. వాటి యజమానులతో ఎండాకాలంలో మాట్లాడితే ఒప్పుకుంటారు.

ఇక వాల్వు. ఈ ఒక్కదాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ప్రణాళికలన్నీ దీన్నే మరిచిపోతాయి. తుపానుకు ముందు అందరూ ట్యాంకు నింపుతారు. మంచిదే. నీటి బరువు 60 టన్నులు పైనుంటే గాలికి ట్యాంకు మరింత నిలకడగా ఉంటుంది. అయితే అర్ధరాత్రి కొబ్బరిచెట్టు వేళ్లతో సహా లేచినప్పుడు వేళ్లకు చుట్టుకున్న ఇంటి కనెక్షను పైపు కూడా లేస్తుంది. అలాంటివి ఇరవై తెగితే నింపిన ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ. ఆ నీళ్లు నిలవాలంటే చివరి సరఫరా అయ్యాక అవుట్‌లెట్ వాల్వు మూసేయాలి.

మూయడానికి వెళ్తే ఏమవుతుందో తెలుసుగా? వాల్వు గుంత మూత మీద ఎవరో ఇసుక పోసుంటారు. మూత ఎత్తితే లోపల మోకాలి లోతు బురద, అందులో ప్లాస్టిక్ కవర్లు. స్పిండిలు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. బలంగా తిప్పితే చదరపు తల అరిగిపోతుంది, లేదా గ్లాండు (స్పిండిలు చుట్టూ నీళ్లు కారకుండా ఆపే బిగింపు) దగ్గర నీళ్లు చిమ్ముతాయి. అప్పటికే గాలి మొదలై ఉంటుంది. అందుకని గుంత శుభ్రం చేసి, అడుగున కంకర వేసి, గ్లాండు తాడు కొత్తది చుట్టించి, స్పిండిలుకు గ్రీజు రాయండి. ఏడాదికి రెండుసార్లు పూర్తిగా మూసి తెరవండి. పూర్తిగా మూతపడటానికి ఎన్ని తిప్పులో లెక్కపెట్టి గుంత మూత లోపలివైపు రంగుతో రాయండి. తర్వాత ఎవరు తిప్పినా ఆ సంఖ్య రాకముందే ఆగితే అడుగున రాయి అడ్డుపడిందని తెలుస్తుంది. వాల్వు తాళాలు, అంటే వాల్వు తిప్పే కడ్డీలు, రెండు ఉండాలి, ఒకటి ఫిట్టరు ఇంట్లో, ఇంకోటి పంచాయతీ ఆఫీసులో. ఊరికి ఒకే వాల్వు ఉంటే వీధుల్ని కనీసం మూడు భాగాలుగా విడదీసే వాల్వులు పెట్టించమని అడగండి. పైపు ఒక పేటలో విరిగితే మిగతా రెండు పేటలకు నీళ్లివ్వొచ్చు. నా లెక్కలో ఈ మూడు వాల్వులే ప్రణాళికలో అత్యంత చవకైన, అత్యంత ఫలితమిచ్చే పని.

మరమ్మతు సామాను విషయం త్వరగా చెప్పేస్తాను. మీ లైనులో ఉన్న ప్రతి సైజుకూ పీవీసీ పైపు రెండు మూడు ముక్కలు, కప్లింగులు ఆరేసి, ఎండ్ క్యాపులు నాలుగేసి, గడువు దాటని సాల్వెంటు సిమెంటు. పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపు ఎక్కడైనా మిగిలి ఉంటే దాని బయటి చుట్టుకొలత తాడుతో కొలిచి, సరిపోయే కాలర్లు ముందే తెప్పించండి. ఆ సైజులు పీవీసీతో కలవవు, తుపాను మర్నాడు అంగట్లో దొరకవు. డ్రైను దాటేచోట కల్వర్టుకు వేలాడదీసిన పైపును ఇనుప పైపుగా మార్చి క్లాంపులతో బిగించాలి. వరదలో కొట్టుకొచ్చే మొద్దులు తగిలేది దానికే.

ఇప్పుడు నీళ్ల శుభ్రత. తుపాను తర్వాత ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలైతే కారణం చాలాసార్లు ట్యాంకు నీళ్లు కావు, పైపులోకి పీల్చుకున్న నీళ్లు. పైపులో ఒత్తిడి లేనప్పుడు చుట్టూ నిలిచిన మురికి నీరు ప్రతి లీకులోంచి, మునిగిన ఎయిర్ వాల్వులోంచి లోపలికి వెళ్తుంది. అన్నిటికన్నా చెడ్డవి గుంత కుళాయిలు. ఒత్తిడి చాలక ఇంటిముందు గొయ్యి తీసి, అందులో పైపు చివర మూతలేకుండా వదిలేస్తారు. ఆ గొయ్యి వరదలో మునిగితే ఆ వీధి పైపంతా దాని నీళ్లే. ఎన్ని గుంత కుళాయిలున్నాయో లెక్కపెట్టి పటం మీద చుక్కలు పెట్టండి. వెంటనే ఎత్తించలేకపోతే ఒక్కోదానికి మర బిరడా ఇచ్చి, తుపాను కబురు రాగానే బిగించమనండి.

బ్లీచింగ్ పౌడరు కొన్న రోజున దాదాపు 33 శాతం క్లోరిన్‌తో ఉంటుంది. తేమ తగిలి, వేడెక్కి తగ్గిపోతుంది. లెక్కకు 25 శాతమే తీసుకోండి. పంపు హౌసులో స్టార్టరు పక్కన నిల్వ చేయొద్దు, ఆ ఆవిరికి రాగి కాంటాక్టులు తినేసుకుపోతాయి. వేరే గదిలో చెక్కమీద, మూతి గట్టిగా కట్టి ఉంచాలి. ఆరు నెలల అవసరానికి మించి కొనొద్దు.

ఎంత వేయాలో ఊహించకండి, నీళ్లనే అడగండి. 40 గ్రాముల పౌడరు లీటరు నీళ్లలో కలిపి తేరనిస్తే పైన ఒక శాతం ద్రావణం వస్తుంది. 20 లీటర్ల బకెట్లు నాలుగు తీసుకుని అదే చెరువు నీళ్లతో నింపి, వరుసగా 2, 4, 6, 8 మిల్లీలీటర్ల ద్రావణం వేయండి. అంటే లీటరుకు 1, 2, 3, 4 మిల్లీగ్రాములు. అరగంట ఆగి క్లోరోస్కోపుతో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూపే చిన్న కిట్) చూడండి. ఏ బకెట్లో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో అదే మీ మోతాదు. మూడో బకెట్ అనుకుందాం. 60 వేల లీటర్లకు 180 గ్రాముల క్లోరిన్, అంటే 720 గ్రాముల పౌడరు. దాన్ని డ్రమ్ములో కలిపి తేరిన నీళ్లే సంపులో పోయాలి. పొడిని నేరుగా వేస్తే సున్నం అడుగుకు చేరి వాల్వుల్లో గట్టిపడుతుంది. నీళ్లు మడ్డిగా ఉంటే క్లోరిన్ ఆ మడ్డికే సరిపోతుంది, క్రిములు మిగిలిపోతాయి. ముందు పటిక. 10 వేల లీటర్లకు 400 గ్రాములతో మొదలుపెట్టి, ఇది కూడా బకెట్లలో చూసుకుని పెంచండి. చివరి ఇంటి కుళాయిలో కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన తాగునీటి ప్రమాణం. తుపాను తర్వాత రెండు వారాలు 0.5 తగ్గనివ్వకండి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్ల శిక్షణ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కుని, పేటకొకరి చొప్పున ప్రణాళికలోనే పేరు రాయండి.

వరద నీళ్లు సంపులోకి గానీ ట్యాంకులోకి గానీ వచ్చి ఉంటే మామూలు మోతాదు చాలదు. బురద తీసి, గోడలు తోమి, నింపి, లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున వేసి 24 గంటలు నిల్వ ఉంచాలి. 60 వేల లీటర్లకు 12 కిలోల పౌడరు అవుతుంది. ఆ నీళ్లు పారబోసి కడగాలి, ఊరికి వదలకూడదు, చేపల చెరువులోకీ వదలకూడదు. పైపులైనుకు దాంట్లో సగం బలం చాలు. నాలుగంగుళాల పైపు మీటరుకు సుమారు 8 లీటర్లు పడుతుంది, కిలోమీటరుకు 8 వేల లీటర్లు, పౌడరు 800 గ్రాములు. చేతిపంపు బోరు ఆరంగుళాలదైతే మీటరుకు 18 లీటర్లు. బోరులో 40 మీటర్ల ఎత్తున నీళ్లుంటే 150 గ్రాములు బకెట్లో కలిపి, తేరిన నీళ్లు బోరులో పోసి, వాసన వచ్చేదాకా కొట్టి, రాత్రంతా వదిలి, మర్నాడు వాసన పోయేదాకా తోడేయాలి. ఈ అంకెలన్నీ కలిపితే ఊళ్లో కనీసం 25 కిలోల పౌడరు ఎప్పుడూ ఉండాలి.

ఇసుక ఫిల్టరు గురించి ఒక మాట. మీవి స్లో శాండ్ ఫిల్టర్లయితే, వడపోసేది ఇసుక కన్నా ఇసుక పైన పెరిగే పలుచటి జీవపొర. కరెంటు లేని రోజుల్లో ఫిల్టరు ఎండిపోతే ఆ పొర చచ్చిపోతుంది, మళ్లీ పెరగడానికి రోజులు పడుతుంది. ఫిల్టరు అవుట్‌లెట్ మూసి, ఇసుక మీద అడుగు నీళ్లు నిలిచేలా చూడండి. మళ్లీ నడిపినప్పుడు మొదట వచ్చిన నీళ్లు పారబోయండి.

నాలుగోది ఉప్పు. 1977 నవంబరు 19న దివిసీమ మీదకు ఉప్పెన వచ్చినప్పుడు వేల ప్రాణాలతో పాటు తాగే చెరువులూ పోయాయి. లెక్క చూడండి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 వేల మిల్లీగ్రాముల లవణాలు. మీ చెరువులో నూటికి ఐదు పాళ్లు కలిస్తే 1,750 పెరుగుతుంది. తాగునీటికి గరిష్ఠ పరిమితి 2,000, కాలువ నీళ్లలో ముందే కొన్ని వందలు ఉంటాయి. అంటే ఐదు పాళ్లకే చెరువు చేజారినట్టు. అయితే ఉప్పునీరు బరువు, అడుగుకు చేరుతుంది. పైన వాన నీళ్లు తియ్యగానే ఉండొచ్చు. కాబట్టి తోడేయాలని ఆత్రపడకుండా, సీసాకు రాయి కట్టి అడుగు నుంచి ఒక శాంపిల్, పైనుంచి ఒక శాంపిల్ తీసి టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) చూడండి. తేడా ఉంటే పంపు ఫుట్‌వాల్వును (నీళ్లు పీల్చే పైపు కొస) డ్రమ్ముకు కట్టి తేలేలా చేసి పై రెండడుగుల నుంచే నెమ్మదిగా తీసుకోండి. అడుగు నీళ్లు వేరే పంపుతో తోడేయండి. మొత్తం తోడాల్సి వస్తే ఎకరం చెరువు మూడు మీటర్ల లోతున 1.21 కోట్ల లీటర్లు. గంటకు లక్ష లీటర్లు తోడే పంపుకైనా ఐదు రోజులు. పైగా నింపడానికి కాలువలో నీళ్లుండాలి. అందుకే గట్టు ఎత్తు పెంచడం, తూముకు గట్టి తలుపు పెట్టడం జిల్లాకు పంపే ప్రతిపాదనల్లో ముందుండాలి. ఉప్పెన తర్వాత చెరువుకు బదులు బోరు వేసి గట్టిగా తోడదామనే ఆలోచన మీ తీరంలో ప్రమాదం. భూమిలో తియ్యనీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైన నీటిమట్టం ఒక్క అడుగు దిగితే కింద ఉప్పునీటి హద్దు కాలక్రమంలో నలభై అడుగుల దాకా పైకి రాగలదు. ఒకసారి ఉప్పెక్కిన బోరు చాలాకాలం తేరుకోదు.

కాలువలు కట్టేసే ఎండాకాలం కూడా మీకు విపత్తే. 3,200 మందికి 55 లీటర్ల చొప్పున రోజుకు 1.76 లక్షల లీటర్లు. ఎండలకు రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఆవిరైతే ఎకరం మీద మరో 30 వేల లీటర్ల దాకా. అడుగున అరమీటరు వాడలేని నీళ్లు తీసేస్తే నిండు చెరువు దాదాపు 50 రోజులు వస్తుంది. పూడిక ఉంటే ఇంకా తక్కువ. కాలువ కట్టే తేదీ నాటికి చెరువు నిండి ఉండటం, కాలువ ఎండినప్పుడు పూడిక తీయడం రెండూ ఒకే చెరువులో కుదరవు. అందుకని వంతులేసుకుని చేయాలంటే రెండో చెరువు కావాలి, లేదా చెరువు మధ్యలో గట్టు వేయాలి.

హెచ్చరికలకూ మీ పనులకూ ముడిపెట్టండి. వాతావరణ శాఖ తుపాను కబురు నాలుగు అంచెల్లో ఇస్తుంది. 72 గంటల ముందు తొలి సూచన వచ్చినప్పుడు డీజిల్, పౌడరు, వాల్వు తాళాలు చూసుకోవాలి, జనరేటరు యజమానికి ఫోను చేయాలి. 48 గంటల ముందు జనరేటరు తెచ్చి ఒకసారి నడిపి, పంపు తిరిగే దిశ చూడాలి. మిద్దెల మీది ప్లాస్టిక్ ట్యాంకులు నింపుకోమని దండోరా వేయించాలి, ఖాళీవి గాలికి ఎగిరిపోతాయి. 24 గంటల ముందు ట్యాంకు నిండా నింపి, క్లోరిన్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండేలా చేసి, చివరిసారి ఊరికి ఇచ్చి మళ్లీ నింపాలి. 12 గంటల ముందు అవుట్‌లెట్ వాల్వు మూసి, పంపు హౌసు మెయిన్ ఆఫ్ చేసి, ఫిట్టరు ఇంటికి వెళ్లిపోవాలి. గాలిలో ఎవరూ ట్యాంకు ఎక్కకూడదు, ఇది ప్రణాళికలో పెద్ద అక్షరాలతో ఉండాలి. తుపాను షెల్టరుకు ట్యాంకు వేరుగా లెక్కవేయండి. 600 మంది మూడు రోజులు తాగడానికి, వండుకోవడానికి తలకు 7.5 లీటర్ల చొప్పున 13,500 లీటర్లు కావాలి.

వరదకు వేరే గడియారం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి, 13 లక్షలకు రెండో, 17 లక్షలకు మూడో హెచ్చరిక. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. భద్రాచలంలో రెండోది ఎగరగానే మీరు 48 గంటల పనులు మొదలుపెట్టండి, ధవళేశ్వరం దాకా ఆగకండి.

గాలి తగ్గాక వాల్వు వెంటనే తెరవొద్దు. ఇద్దరు మనుషులు లైను వెంట నడిచి, తెగిన కనెక్షన్లకు బిరడాలు కొట్టి, ఒక పేటకే తెరిచి చూసి తర్వాతి పేటకు వెళ్లాలి.

ట్యాంకర్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 3,200 మందికి 15 లీటర్ల చొప్పున 48 వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకరు పది ట్రిప్పులు. రోడ్డు మునిగితే ఒక్కటీ రాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు, నగరం నడిబొడ్డునే తాగే నీళ్లు పడవల మీద పంపాల్సి వచ్చింది. ట్యాంకరు వస్తే మాత్రం ప్రతి ట్రిప్పుకూ 40 గ్రాముల పౌడరు కలిపి, పట్టుకునే ముందు క్లోరోస్కోపుతో చూడండి.

డబ్బు. తక్షణ ఏర్పాట్లకూ శాశ్వత పనులకూ ప్రణాళికలో రెండు వేరు భాగాలు పెట్టండి, నిధులు వచ్చే దారులు వేరు కాబట్టి. అమెరికాలో 3,300 మందికి మించి నీళ్లిచ్చే ప్రతి సంస్థా 2018 చట్టం ప్రకారం ముందు ప్రమాదాల అంచనా, ఆ తర్వాత అత్యవసర ప్రణాళిక చేసి, ఐదేళ్లకోసారి తిరగరాయాలి. ఆ క్రమం మనకూ పనికొస్తుంది. మన దగ్గర 2005 విపత్తు నిర్వహణ చట్టం 41వ సెక్షను స్థానిక సంస్థలకు బాధ్యత పెట్టింది. జిల్లా ప్రణాళిక కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థది. మీ పత్రం అందులో భాగంగా చేరాలి. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం షరతులున్న నిధులుగా పెట్టారు, అందులో సగం తాగునీరు, వాననీటి నిల్వ వంటి వాటికే. వాల్వులు, చేంజోవర్, ప్యానల్ ఎత్తడం లాంటి పనులను గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చి గ్రామసభలో తీర్మానం చేయించండి. చెరువు గట్టు, శ్లాబు, ఎత్తైన గద్దె మీద చేతిపంపులు పెద్ద పనులు. అదే కాలానికి రాష్ట్ర విపత్తు నిధుల్లో 20 శాతం ముందస్తు నివారణకు కేటాయించారు కాబట్టి వాటిని జిల్లా సంస్థకు రాయండి. రాసేటప్పుడు 'తుపానుకు ఇబ్బందిగా ఉంది' అని కాదు, 'ప్యానల్ 2022 వరద గుర్తుకు ఇన్ని అంగుళాలు కింద ఉంది, మునిగితే 3,200 మందికి ఇన్ని రోజులు సరఫరా ఆగుతుంది' అని కొలతతో, ఫొటోతో రాయండి.

పనులకు వీలైన కాలం జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకానే. ఆ తర్వాత కాలువ కట్టేస్తారు, మే తుపానులు, జులై నుంచి గోదావరి, అక్టోబరు నుంచి మళ్లీ తుపానులు. జూన్ మొదటి వారంలో ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి పంపు హౌసు మెయిన్ ఆఫ్ చేసి, జనరేటరుతో ట్యాంకు నింపి, అవుట్‌లెట్ మూసి రాత్రంతా ఉంచండి. తెల్లారి గేజీ మట్టం దిగి ఉంటే వాల్వు కారుతోందని అర్థం. ఎన్ని అంగుళాలు దిగిందో తేదీతో పుస్తకంలో రాసి, ఆ వారంలోనే ఏఈకి చూపించండి.